రొట్టె తిప్పిన చెయ్యి

ఫలానావాళ్ళకు గాలి సోకిందని, చనిపోయినవాళ్ళు కనిపించారని మా వీధిలో ఎవరైనా చెబితే ముందు నవ్వేది నేనే. దయ్యాలకు భయపడే తీరిక నాకెప్పుడూ లేదు. ఇది రాస్తూ కూడా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

నాది ఎడమచేతివాటం. పుట్టింట్లో, వేంపల్లెలో ఉన్నంతకాలం మా అమ్మ దానితో పోరాడుతూనే ఉంది. రాతను, అన్నం కలిపే చేతిని మార్చగలిగింది గానీ జొన్నరొట్టె దగ్గర ఓడిపోయింది. రొట్టె కొట్టేటప్పుడు ఒక అరచెయ్యి తడుతుంది. రెండోది అంచు చీలకుండా కాచుకుంటూ పిండిని నెమ్మదిగా తిప్పుతుంది. అందరూ కుడిచేత్తో తడతారు, నేను ఎడమచేత్తో. అది మంచి పనులకు పనికొచ్చే చెయ్యి కాదని అమ్మ పట్టింపు. "ఆ చేత్తో కొట్టిన రొట్టె ఎవురు తింటారే, లెయ్ ఆడ్నుంచి" అనేది. నా రొట్టె ఆమె ఎన్నడూ ముట్టలేదు. పెళ్ళయి కర్నూలు వచ్చాకే నా వంటింట్లో నాకు అడ్డు లేకుండా పోయింది.

రెండేళ్ళ క్రితం అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఆసుపత్రి నుంచి మా ఇంటికే తీసుకొచ్చాను. ఎడమచేత్తో తినమంటే మొహం తిప్పుకునేది. నేను తినిపించబోతే, ఒకరి చేత్తో తినడం నామోషీ అన్నట్టు పెదవులు బిగించేది. మనిషి కళ్ళముందే ఎండిపోతుంటే కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి. ప్రాణం పోతున్నా ఈ పట్టింపేంటమ్మా అని ఒకరోజు అరిచాను కూడా.

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఒక మాట చెప్పింది. మెదడు రెండు చేతులనూ ఒకేలా నడపదట. వాటమున్న చేతికి కదలడంలో నేర్పు, రెండోదానికి నిలకడగా పట్టి ఉంచడంలో నేర్పు. అమ్మ ఎడమచెయ్యి చేతకానిది కాదని, ఇన్నేళ్ళూ చేసిన పనే దానికి ఇచ్చి చూడమని అంది.

మర్నాడు అమ్మను రొట్టెలు కొట్టే బండకు అవతలివైపు గోడకు ఆనించి కూర్చోబెట్టాను. ఎడమచేత్తో రొట్టె తడుతూ కుడిచెయ్యి కావాలనే తీసేశాను. అంచు చీలింది. అమ్మ చూస్తూ ఊరుకోలేకపోయింది. ఆమె ఎడమచెయ్యి మెల్లగా వచ్చి అంచును కాచింది. నేను తట్టాను, ఆమె తిప్పింది. కాల్చి పాలలో నానబెట్టి ఇస్తే ఆ ఎడమచేత్తోనే తింది. నా రొట్టె ఆమె తినడం అదే మొదటిసారి. ఏడుస్తూ తింది. నేనూ ఏడ్చాను.

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో రొట్టెలు అలాగే అయ్యాయి. వానలు మొదలవకముందే రెండోసారి పక్షవాతం వచ్చి అమ్మ పోయింది.

దినాలు అయిపోయాక ఒక పొద్దున రొట్టె కొడుతుంటే మా తమ్ముడు ఫోను చేశాడు. కుడిచేత్తో ఫోను చెవికి పెట్టుకుని, అమ్మ చీరలు ఎవరికివ్వాలో మాట్లాడుతూ పరధ్యానంగా తడుతూనే ఉన్నాను. మా ఆయన టీ గ్లాసు పెట్టడానికి వచ్చి అక్కడే నిలబడిపోయాడు. ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు ఫోను పట్టుకోనుండావు గదా. రొట్టెను ఎవురు తిప్పుతాండారు?"

కిందికి చూశాను. నా అరచేతి కింద రొట్టె నెమ్మదిగా తిరుగుతోంది. అంచు ఎక్కడా చీలలేదు. నేను తట్టడం ఆపితే అదీ ఆగింది. నాకు భయం వేయలేదు. అమ్మా అని పిలవాలనిపించింది. ఆయన ముందు పిలవలేకపోయాను.

తట్టే ఊపుకే తిరిగి ఉంటుందని తర్వాత ఆయనే అన్నాడు. కావచ్చు. కానీ అదే ఊపుతో ఎన్నిసార్లు తట్టినా మళ్ళీ తిరగలేదు. ఆ రోజు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

రోజూ మొదటి రొట్టెకు మాత్రం కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటాను. అంచు చీలిపోతుంది. ఆ చీలిన రొట్టె నేనే తింటాను.