వెనుక కూర్చుని జడ అల్లిన ఖాలా

మా పక్క క్వార్టర్ ఖాలా మొన్న శుక్రవారం పొద్దున కన్నుమూసింది. ఖాలా అంటే చిన్నమ్మ. మా బొగ్గుబాయి కాలనీలో ఆమె అందరికీ ఖాలానే. నాకు చదువు అంతంతే. అయినా ఆమె ముచ్చట మీకు చెప్పకుండా ఉండలేను.

చానా ఏండ్ల కింద, నా పెద్దకొడుకు వాగులో మునిగి పోయిననాడు నా చిన్న బిడ్డ ఒడ్డునే ఉంది. ఆనాటి నుంచి పిల్ల నోరు విప్పలేదు. నేనేమో దాన్ని ఎదురుగా నిలబెట్టి, "అన్న ఎట్ల పడ్డడు? చెప్పు బిడ్డా" అని పొద్దుమాపు అడిగేదాన్ని. అడిగినకొద్దీ ముడుచుకుపోయేది. తాయెత్తు కట్టించినా గుణం లేదు.

ఒకనాడు ఖాలా నూనె గిన్నె పట్టుకుని వచ్చింది.

"పిల్లను జర ఇడిసిపెట్టు. ముందుగాల నీ తల సూడు, పిచ్చుక గూడు లెక్కుంది. కూసో!"

మధ్యాహ్నాలు మేం ఆడవాళ్లం గడపల ముందు ఒకరి వెనుక ఒకరం కూర్చుని తలలు దువ్వుకునేవాళ్లం. కొడుకు పోయాక నేను ఆ వరుసలోకి పోలేదు. ఖాలా నా వెనుక కూర్చుంది, నా ముందు బిడ్డను కూర్చోబెట్టింది. అట్లా కూర్చుంటే ఎవరి మొహం ఎవరికీ కనిపించదు. ఇక రోజూ ఆమె మేక ఆగడాలే కబుర్లు. నాకు నవ్వొచ్చేది, నవ్వినందుకు ఏడుపొచ్చేది.

"రెండూ కానియ్యి. తల మాత్రం కదిలియ్యకు" అనేది.

సీతాఫలాల కాలంలో ఒకరోజు, "తెచ్చిన పండ్లన్నీ నా మేకనే తిన్నది" అంది.

"ఒట్టిదే! మేక గాదు, నువ్వే తిన్నవ్ ఖాలా. నేను సూసిన!" అంది నా ముందున్న పిల్ల.

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఖాలా వెనుక నుంచి నన్ను గిల్లి, "చెయ్యి ఆపకు, భయపడ్తది" అని చెవిలో చెప్పింది. ఆ వెంటనే, "అరె, దొంగ దొరికిపాయె!" అని కాలనీ అంతా వినబడేటట్టు నవ్వింది.

మేక ముచ్చట్ల నుంచి మెల్లగా, చలికాలం వచ్చేసరికి, పిల్ల తనంతట తానే వాగు ముచ్చటకు వచ్చింది.

"అన్న చెయ్యి నాకు అందలే, అవ్వా" అంది నాతో.

నేను జడ అల్లుతూనే ఉన్నాను. "ఎట్లందుతది బిడ్డా, నీది గింతంత చెయ్యి" అన్నాను. ఖాలా చేతులు నా తలలో మెత్తగా ఆడుతూనే ఉన్నాయి.

కబురందుకుని నిన్న నా బిడ్డ అత్తగారి ఊరు సుల్తానాబాద్ నుంచి వచ్చింది. బస్సు మెట్టు మీద నిలబడి కండక్టరుకు ఖాలా సంగతులు చెబుతూనే ఉంది.

"జర దిగు చెల్లె, బండి పోవాలె" అన్నాడాయన.

దిగింది. దిగి, కదిలిన బస్సు పక్కనే నడుస్తూ ఇంకా చెబుతూనే ఉంది. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, మలుపు తిరిగేదాకా వింటూనే పోయాడు.