రాసిన వేగానికి ముప్పై తక్కువ

ఎమ్మిగనూరులో కంప్యూటర్ రిపేరు కొట్టు నాదే అయినా, అందులో అసలు పెద్ద మా అమ్మ హనుమంతమ్మ. కీబోర్డు మీద ఒక్క అక్షరం కొట్టడం ఆమెకు రాదు. నలభై ఏళ్లు మగ్గం మీద దుప్పట్లు నేసింది. పోగు తప్పిన దుప్పటిని బయటికి పోనిచ్చేది కాదు. చిన్నప్పుడు మేం కప్పుకున్నవన్నీ అవే. ఎంత వెతికినా ఆ తప్పేదో నాకు దొరికేది కాదు. ఆ దుప్పట్ల గంజి వాసన తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

మోకాళ్లు మొరాయించి మగ్గం దిగాక, అమ్మ రోజూ కొట్లోకొచ్చి నా పక్కన కుర్చీలో కూర్చునేది.

కంప్యూటర్ తెర మీద బొమ్మలు నడిపే వీడియో కార్డులోని మెమరీ చిప్పులకు తయారుచేసినవాళ్లు ఒక వేగం రాస్తారు. కార్డు కంపెనీలు చాలాసార్లు అంతకంటే తక్కువలోనే నడుపుతాయి. ఆ మిగులును బయటికి లాగడమంటే నాకు పిచ్చి. ఒక వేసవిలో, ఆదోనిలో పెళ్లి వీడియోలు చేసే నవ్యశ్రీ తన పాత కార్డు తెచ్చింది. చిప్పుకు రాసింది పన్నెండువందల యాభై మెగాహెర్ట్జ్, నడిచేది పదకొండువందలు. రాసిన వేగం రప్పిస్తానని గొప్పగా మాటిచ్చేశాను. పెంచి, గంటసేపు పరీక్ష పెట్టాను. స్క్రీన్ మీద బొమ్మలు గిర్రున తిరుగుతున్నాయి. నాకు ఒక్క తప్పూ కనపడలేదు.

"మంజా, ఆడ ఒక పోగు తప్పినాది సూడప్పా," అంది అమ్మ.

"యాడమ్మా?"

"వచ్చె, పాయె."

"కండ్లాపరేషనైనప్పట్నుంచి నీకట్లే కనపడతాంటాదిలే," అన్నాను. కార్డు ఇచ్చి పంపేశాను.

మూడోనాడు నవ్యశ్రీ తిరిగొచ్చింది. మా కొట్లో గంట నిలిచిన చిప్పు, ఆమె గదిలో మిట్టమధ్యాహ్నం వేడికి నిలవలేదు. వీడియోలో పెళ్లికూతురి ముఖం నిండా ఆకుపచ్చ చుక్కలు.

"ఆ ఇంటోళ్లకు నేనేం సెప్పల్లన్నా?" అంది. కార్డు అందుకుని మళ్లీ పరీక్షకు పెట్టాను.

పదేసి తగ్గిస్తూ పోయాను. పన్నెండువందల ఇరవై దగ్గర అమ్మ చాలాసేపు చూసింది. "ఇప్పుడు సరిపాయె, ఇయ్యి," అంది. ఆ కార్డు ఆదోనిలో ఇంకా నడుస్తోంది.

అమ్మ పోయి రెండేళ్లు. ఆమె కళ్లను అంత మాటన్నందుకు తప్పైందని చెప్పనే లేదు. ఇప్పుడూ కొన్ని కార్డులు రాసిన వేగాన్ని హాయిగా అందుకుంటాయి, పరీక్షలో నెగ్గుతాయి. అయినా ముప్పై తగ్గించే ఇస్తాను.

"బాగనే ఉండాదికదన్నా, యాలకు తగ్గిస్తావు?" అని కార్డులు తెచ్చిన కుర్రాళ్లు గొడవపడతారు.

బాగుందని చెప్పాల్సిన మనిషి ఆ కుర్చీలో లేదు.