వాచకంలో లేని నాన్నమ్మ

మలేషియాలోని కువాలా సెలంగోర్‌లో మా ఇంటి ముందు పామాయిల్ గెలల లారీ ఆగింది. ఆ పులిసిన వాసనకి, రాస్తున్న నవల ఆపేశాను.

చిన్నప్పుడు సుంగై సుమున్ ఎస్టేట్‌లో, ఆదివారం తెలుగు బడిలో 'మా ఊరు' అని వ్యాసం రాయమన్నారు. వాచకంలో ఉన్న గోదావరినీ మామిడితోపునూ దించేశాను. తెలుగులో రాస్తే ఏ ఊరైనా అలాగే ఉండాలనుకున్నాను. మాస్టారు మెచ్చుకున్నారు.

ఎస్టేట్‌లో రాలిన పామ్ పళ్లు ఏరే నాన్నమ్మకి చదివి వినిపించాను. జిడ్డు చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది.

"బాగున్నాదే. మరి నానెక్కడున్నానే ఇందులో?"

"నువ్వు వాచకంలో లేవు నాన్నమ్మా!"

పెద్దయ్యాక రాసిన ఐదు నవలల్లోనూ అలా చదివినవే దించాను. ఇప్పుడైనా నాన్నమ్మ గురించి రాద్దామంటే, ఆమె ముఖం గుర్తు రావడం లేదు. నేనెన్నడూ చూడని గోదావరే కళ్లముందు పారుతోంది.