పడకగదిలో రౌటర్

మా క్వార్టర్‌లో టెలిఫోన్ పాయింట్ పడకగదిలో ఉండేది. ఇబ్బందంతా అక్కణ్ణుంచే మొదలైంది.

మావారు ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కు నిండిన పెద్ద బకెట్లను ఎత్తి దించే క్రేన్ అది. నైట్ షిఫ్టు పడిన వారం పొద్దున్నే ఇంటికొచ్చి, స్నానం చేసి, టిఫిన్ తిని తొమ్మిదికల్లా పడుకునేవారు. మళ్ళీ నాలుగింటి దాకా ఆ గదిలో చప్పుడు కాకూడదు. సరిగ్గా ఆ వేళలోనే నా పని. విదేశీ డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలను హెడ్‌ఫోన్‌లో విని, టైపు చేసి, గడువులోగా పంపడం. పని చేసినంతసేపూ నెట్ ఉండాలి. ఉక్కునగరంలో మా సెక్టారుకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన ఏడాదే ఈ పని దొరికింది. పెళ్ళికి ముందు రాజమండ్రిలో నేర్చుకున్న టైపు అప్పటికి అక్కరకొచ్చింది.

కంప్యూటర్‌ని వంటింటి పక్కనున్న చిన్న గదిలో పెట్టుకున్నాను. పడకగదిలోని మోడెమ్ నుంచి అక్కడి దాకా నేల మీద పొడుగాటి తీగ వేశాం. నెల తిరక్కుండానే మా అత్తగారు ఆ తీగ కాలికి తగులుకుని బోర్లా పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రి నుంచి రాగానే మావారు ఆ తీగ చుట్ట చుట్టి అటక మీద పడేశారు.

"ఇంట్లో ఇంక తీగలొద్దు," అన్నారు అంతే.

అత్తగారికి నెలన్నర పాటు నేనే అన్నం కలిపి పెట్టాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదని అప్పుడప్పుడూ అనిపించేది.

అలా వైర్‌లెస్ రౌటర్ కొన్నాం. గాజువాకలో ఒక కొట్టుకెళ్ళి, చూడడానికి బాగున్నదాన్ని ఎంచుకున్నాను. పడకగదిలో ఫోన్ పాయింట్ దగ్గర, బీరువా వెనక సందులో పెట్టాం. మొదటి వారం బాగానే పనిచేసింది. ఎండలు ముదిరాక పన్నెండు దాటితే చాలు, ఆగిపోవడం మొదలైంది. చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి గదిలోకి వెళ్ళేదాన్ని. స్విచ్చు ఆపి, పది లెక్కపెట్టి మళ్ళీ వేసేదాన్ని. ఎంత మెల్లగా నొక్కినా ఆ స్విచ్చు టిక్కుమనేది. ఆయన అటు తిరిగి పడుకునేవారు.

ఒకరోజు పొద్దున షిఫ్టు నుంచి వచ్చి, ఇడ్లీ ముట్టుకోకుండా కూర్చున్నారు.

"రాత్రి క్యాబిన్లో కళ్ళు మూతలు పడ్డాయి. ఒక్క క్షణమే. కింద ముగ్గురున్నారు."

గరిటె పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఏమీ కాలేదని ఆయనే అన్నారు. బకెట్టు కొద్దిగా ఊగి ఆగిందట. కింద ఉన్నవాళ్ళకి తెలియను కూడా తెలియలేదట.

ఆ రోజు మధ్యాహ్నం నెట్ ఆగింది. పడకగది తలుపు దాకా వెళ్ళి, లోపలికి అడుగు పెట్టలేక నిలబడిపోయాను. గడువు దాటిపోయింది. సాయంత్రం మా సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. ఇలా ఆలస్యం కావడం ఇది మూడోసారని, ఇంకొక్కసారి జరిగితే నా పేరు తీసేస్తామని చెప్పింది. నిష్ఠూరంగా ఏమీ అనలేదు, చదివి వినిపించినట్టు చెప్పింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పక్క క్వార్టర్ ఆవిడ నా మొహం చూసి కనిపెట్టి, నెట్ గొడవంతా నాచేత చెప్పించింది. ఆవిడ అన్నయ్య చేపల బోటు మీద వెళ్తాడు.

"వదినా, మా అన్నోళ్ళ బోటు సెట్లు బాగుసేసే సాయిబు గారున్నారు, పాత టౌన్లో. ఇప్పుడు ఈ రౌటర్లు కూడా అమ్ముతన్నారు. ఓపాలి ఎల్లి అడుగు," అంది.

మర్నాడే మా రౌటర్ని సంచిలో వేసుకుని బస్సెక్కి వెళ్ళాను. ఇరుకు సందులో చిన్న కొట్టు. తెల్లగడ్డం పెద్దాయన బోటు వైర్‌లెస్ సెట్టు ఒకటి విప్పి, లోపలి ఉప్పు తుప్పును బ్రష్షుతో తుడుస్తున్నారు. ఏ రౌటర్ మంచిదో చెప్పమన్నాను.

"ఏది మంచిదో తరవాత సెప్తాను. ముందు ఎక్కడ పెట్టినావో సెప్పమ్మా," అన్నారు.

కాగితం మీద ఇల్లు గీయమన్నారు. గీశాను. ఆయన ఫోన్ పాయింట్ మీద వేలు పెట్టారు.

"దీని ముందర ఏటున్నాది?"

"బీరువా."

"ఇనపదా?"

తలూపాను. ఆయన నవ్వలేదు.

"ఇనప గోడెనకాల కూకుని పిలిస్తే ఎవులికి ఇనపడతాది? పైగా ఆ సందులో గాలాడదు. ఉడికిపోయి ఆగిపోతన్నాది. సామాను ఖరాబు కాదమ్మా, సోటు ఖరాబు."

బీరువా జరిపితే సరిపోతుందా అని అడిగాను. నేను తెచ్చిన రౌటర్ అడాప్టర్‌ని చేతిలోకి తీసుకుని చూశారు. దాని ఒక మూల వేడికి కమిలిపోయింది.

"దీనికి భరోసా లేదు," అని రెండు వేరే రౌటర్లు తీసి ముందు పెట్టారు. "రెండూ అట్టుకెల్లు. నీ పని జరిగే టయానే సూడు. లైట్లు ఎలగతన్నాయని మురిసిపోకు. ఇంటికి కరెంటు తీసి మళ్ళీ ఎయ్యి. నువ్వు ముట్టుకోకుండా దానంతటదే లెగాల. సముద్రంలో సెట్టు ఆగిపోతే ఎవులొచ్చి లేపుతారు?"

బస్సులో ఆ రెండు పెట్టెలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బీరువా జరపడం నా ఒక్కదాని వల్ల కాదు. ఆయనకి చెప్పక తప్పదు.

సాయంత్రం చెప్పాను. మూడుసార్లు ఆలస్యం కావడం, ఆ ఫోన్, అన్నీ.

"నువ్వొచ్చి స్విచ్చేస్తేనే మెలకువ వస్తోందనుకుంటున్నావా?" అన్నారు ఆయన. "పడుకున్న దగ్గర్నుంచి ఆ టిక్కు ఎప్పుడు వినిపిస్తుందా అని చూస్తూనే ఉంటాను. నువ్వు రాని రోజు కూడా నిద్ర పట్టదు."

ఇద్దరం బీరువాలోని బట్టలన్నీ దించి, దాన్ని ఎదురు గోడకి జరిపాం. అత్తగారు కట్టు విప్పిన చేత్తోనే బీరువా కాళ్ళ కింద గోనెపట్టా తోశారు. వద్దంటే వినలేదు. ఫోన్ పాయింట్ పైన, తలుపు పక్కన ఒక చెక్క బల్ల ఎత్తుగా బిగించి రౌటర్ దాని మీద పెట్టాం.

తెచ్చినవాటిలో మొదటిది నాజూగ్గా ఉంది, కంప్యూటర్లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా చూపించింది. కానీ కరెంటు తీసి వేస్తే, లైట్లు వెలిగినా నెట్ రాలేదు. నాలుగుసార్లు చూశాం, రెండుసార్లు అలాగే అయింది. రెండోది మోటుగా, బరువుగా ఉంది, వెనక రెండు యాంటెన్నాలు. ఒక గీత తక్కువే చూపించింది. కానీ మావారు మెయిన్ స్విచ్చు ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రతిసారీ తనంతట తనే నెట్ పట్టుకుంది. ఆయన నైట్ షిఫ్టు వారం అయిపోయాక మూడు మధ్యాహ్నాలు వరసగా చూసి దాన్నే ఉంచుకున్నాం. మిగిలిన పెట్టె తిరిగి ఇవ్వడానికి వెళ్తే పెద్దాయన ఏది ఉంచుకున్నావని కూడా అడగలేదు. చేతిలోని పెట్టె చూసి తలూపారు.

మళ్ళీ నైట్ షిఫ్టు వారం వచ్చింది. బుధవారం నాకు పెద్ద ఫైలు ఇచ్చారు, గుండె ఆపరేషన్ నివేదిక. రెండింటికల్లా వెళ్ళాలి. రెండుకి పది నిమిషాలుండగా పంపడం మొదలుపెట్టాను. సగంలో ఫ్యాన్ ఆగింది.

కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంది కాబట్టి అది ఆగలేదు. తెర మీద నెట్ లేదని వచ్చింది. వీధిలో ఎక్కడా చప్పుడు లేదు. గడియారం ముల్లు కదులుతోంది. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. మూడు నిమిషాలకు ఫ్యాన్ తిరిగింది. కాళ్ళు వాటంతటవే పడకగది వైపు నడిచాయి. తలుపు మీద చెయ్యి వేశాను.

"ఉండమ్మాయ్," అన్నారు అత్తగారు గొంతు తగ్గించి. "చూద్దాం."

వెనక్కొచ్చి కూర్చున్నాను. ఒక నిమిషం. ఇంకో నిమిషం. తెర మూలన గీతలు ఒక్కొక్కటే లేచాయి. మళ్ళీ మొదటినుంచి పంపాను. రెండు కావడానికి నిమిషం ఉందనగా అందినట్టు వచ్చింది. అత్తగారు లోపలికి వెళ్ళి మజ్జిగ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టారు.

ఆయన లేచేసరికి నాలుగున్నర. చెంప మీద దిండు గీతలు పడి ఉన్నాయి. టీ తాగుతూ, కరెంటు ఏమైనా పోయిందా అని అడిగారు.

"పోయి వచ్చింది," అన్నాను.

"అవునా? నాకు తెలియలేదే," అన్నారు.