గాజు పోగు కొసకు అంటిన కుంకుమ

నా నోటికి మా సబ్‌స్టేషన్ల అందరు భయపడుతరు. నేనేమన్న రాక్షసినా? పనిల తప్పు చేస్తే ఊకోను, గంతే. గసొంటి నేనే తప్పు చేసిన ముచ్చట చెప్తున్న, నవ్వుకుంటె నవ్వుకోండ్రి.

మెదక్ ఊరు దాటంగనే మా సబ్‌స్టేషన్. నేను ఆపరేటర్‌ని. పెద్ద కరెంటు టవర్లు చూసే ఉంటరు గద, వాటి మీద అన్నిటికన్న పైన ఒక తీగె పోతది. దాని కడుపుల వెంట్రుకంత సన్నటి గాజు పోగులుంటయి. వాటిల్ల వెలుగు ఉరుకుతది, ఆ వెలుగు తోటే టైము వస్తది. ఎక్కడో ఉన్న ఒక పెద్ద గడియారం చెప్పే టైమునే అన్ని సబ్‌స్టేషన్ల మిషన్లు పట్టుకోవాలె. సెకనుల పదిలక్షల వంతు గూడ తేడా రావద్దు. లైన్ ట్రిప్ అయితే, అంటే కరెంటు దానంతటదే తెగితే, ముందుగాల ఎక్కడ తెగింది, తర్వాత ఎక్కడ తెగింది అని తేల్చేది ఆ టైమే మరి.

దసరాకు ఆయుధ పూజ. ప్యానెళ్లన్ని తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన. టైము తెచ్చే పోగు కొసకు ఒక చిన్న ప్లగ్గు ఉంటది. దాని మీద దుమ్ము కనవడ్డది. పీకి, కొంగుతోటి తుడిచి, గవే చేతులతోటి మళ్ల పెట్టిన. జరసేపటికి ఒక ఎర్ర లైటు వెలిగింది. పండుగ పూట నీ లొల్లేందే అని బటన్ నొక్కి ఆర్పిన. డ్యూటీ పుస్తకంల రాయనన్న రాయలే. అవతల పులిహోర సల్లగైతుండె.

పది రోజులకు పట్టపగలు లైన్‌కు చెట్టుకొమ్మ తాకి ట్రిప్ అయింది. సగం మెదక్‌కు కరెంటు పోయింది. చర్చిల పెండ్లి నడుస్తుండెనట. మైకు బందయి, పెండ్లిపిల్ల ఒప్పుకున్న మాట ముందు వరుసోళ్లకు తప్ప ఎవ్వరికి ఇనవడలే. పెండ్లికొచ్చిన పెద్దమనుషులు మా పై ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు కొట్టిండ్రు. పావుగంటల కరెంటు ఇచ్చినం గని, తప్పెవరిదని ఎంక్వైరీ పెట్టిండ్రు.

ఆ లైన్‌కు అటు కొసన తూప్రాన్ దిక్కు ఇంకో సబ్‌స్టేషన్ ఉంటది. అక్కడి ఆపరేటర్ పెద్దమనిషి, నేను కాకా అంటా. గంట గంటకు ఫోన్ల రీడింగులు చెప్పుకుంటం, కొట్లాడుకుంటం, మనిషిని మాత్రం ఎన్నడు చూడలే. మా మిషన్ల కొమ్మ తాకిన టైము ఉంది. కాకా దిక్కు లైన్ దానికన్న నాలుగు సెకన్లు ముందే తెగినట్టు వచ్చింది. అంటే కొమ్మ తాకకముందే ఈయననే చెయ్యి పెట్టి బంద్ చేసిండన్నట్టు. ఆయన దగ్గరిది పాత ప్యానెల్, టైము తప్ప కారణం చెప్పదు. వచ్చే నెల రిటైరయ్యే మనిషికి మెమో ఇచ్చిండ్రు. తప్పు తేలితే సస్పెన్షనే.

"నేను తాకలే బిడ్డా, నా పిల్లల మీద ఒట్టు" అన్నడు ఫోన్ల.

"మిషన్ అబద్ధం ఆడుతదా కాకా? చాయ తాగుకుంట ఏదో నొక్కి ఉంటవ్" అన్న.

ఆయన రీడింగ్ చెప్పి పెట్టేసిండు. ఎప్పటి లెక్క తిట్టలే.

వారానికి ఎంక్వైరీ, మా దగ్గరనే. పై ఆఫీసు పెద్దసారు వచ్చే ముందు ప్యానెళ్లు తుడుద్దామని పోయి ఆ ప్లగ్గు పీకిన. తెల్లగ ఉండాల్సిన కొస ఎర్రగ ఉంది. కుంకుమ! కుంకుమ అడ్డం పడి వెలుగు రాలే, వెలుగు రాక టైము రాలే. మా మిషన్ దాని ఇష్టమొచ్చినట్టు నడుసుకుంట ముందుకు ఉరికింది. కాకా టైము సక్కగనే ఉంది. మాదే తప్పు. మాదేంది, నాదే!

తుడిచేస్తే ఎవ్వరికి తెల్వదు. కొంగు చేతిలకు గూడ తీసుకున్న, అబద్ధమెందుకు. దొంగకు తేలు కుట్టినట్టు జరసేపు గట్లనే నిలవడ్డ. గని కాకా తిట్టకుంట ఫోన్ పెట్టేసింది యాదికొచ్చింది. తుడవకుంట ప్లగ్గు మళ్ల పెట్టిన.

పెద్దసారు వచ్చిండు. ఎనక కాకా. బక్కగ, ఇస్త్రీ అంగి ఏసుకొని, ఇంటర్వ్యూకొచ్చినట్టు నిలవడ్డడు. సారు కూసోకముందే అంతా చెప్పేసిన. బొట్టు, లైటు, పులిహోర, ఏదీ దాయలే.

సారు నా దిక్కు ఎగాదిగ చూసిండు. "వెలుగు పోయే దారికి గూడ బొట్టు పెడుతరా అమ్మా?" అన్నడు. ప్లగ్గు కొస తనే శుభ్రం చేసి పెట్టిండు. మా కండ్ల ముంగటనే మిషన్ టైము నాలుగు సెకన్ల మీదనే ఎనకకు దుంకింది, ట్రిప్ అయినంక గూడ వారం ఉరికింది గద. కాకా మెమో రద్దని అక్కడనే చెప్పిండు.

"నీకు వస్తది మెమో" అన్నడు నాతోని.

"ఇయ్యిండ్రి సార్, తీసుకుంట. జేసిన గద" అన్న.

కాకా దగ్గరకు పోయి, "తప్పయింది కాకా, నిన్ను గంత మాట అంటి" అన్న. ఆయన కోపం చెయ్యలే. జేబులకెళ్లి ఫోన్ తీసి, నెంబర్ కలిపి, నా చేతిల పెట్టిండు.

"బిడ్డా, గీ ముచ్చట జర మా ఇంట్ల చెప్పు. నేను చెప్తే మా ఆమె గూడ నమ్మలే."

ఆమెకు మొదట్నుంచి చెప్పిన.

"వారం సంది ఆ మనిషితోని సక్కగ మాట్లాడలే బిడ్డా. ఫోన్ ఆయనకియ్యి" అన్నది.

కాకా ఫోన్ తీసుకొని కిటికీ దిక్కు తిరిగిండు. "ఏడువకే" అన్నడు. "వస్తున్న గని, అన్నం వండు."