బొంగరమా అని పిలిచిన గొంతు

రాయదుర్గం మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ దిగుతుండగా నా ముందున్న అమ్మాయి ఫోన్లో ఒక పాట మోగింది. డిస్కో దరువు, దాని మీద ఎవరో విదేశీ గాయని ఇంగ్లీషులో పాడుతోంది. చరణం అయిపోగానే దరువు ఒక్క క్షణం ఆగింది. అప్పుడు లోపలి నుంచి వేరే గొంతు లేచింది. "తిరుగవే తిరుగవే బొంగరమా." నాలుగు సెకన్లు కూడా ఉండదు. మళ్ళీ దరువు అందుకుంది. నేను ఎస్కలేటర్ చివర అడుగు తీయడం మరిచిపోతే, వెనకున్నాయన "మేడం, చూస్కోండి" అంటూ భుజం పట్టి ముందుకు జరిపాడు.

అది మా అమ్మ గొంతు.

అమ్మ బతికే ఉంది. ప్రగతి నగర్‌లో మేమిద్దరం ఉండే ఫ్లాట్‌లో ఆ వేళకు కూరగాయలు తరుగుతూ ఉంటుంది. కానీ ఆమె గొంతు పోయి ఏడేళ్ళయింది. గొంతులో గడ్డ లేస్తే స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరంతా దానిలోంచే, దాని మీద పల్చటి నూలు గుడ్డ. మాట్లాడటానికి మెడకు ఆనించుకునే మిషన్ ఒకటి ఇచ్చారు. దాన్ని రెండు రోజులు వాడి బీరువాలో పెట్టేసింది. అప్పటి నుంచి మా మాటలన్నీ ఫోన్లో మెసేజ్‌లే. పక్క గదిలో ఉన్నా సరే, "చాయ్ తాగుతవా" అని టైప్ చేసి పంపుతుంది.

ఆపరేషన్‌కు ముందు ఆమె మాట రికార్డు చేసి పెట్టుకోవాలని నాకు తోచలేదు. తర్వాత వెతికితే పాత ఫోన్లో ఒకే ఒక్క వీడియో దొరికింది. అందులో అమ్మ చేయి అడ్డం పెట్టి, "తియ్యకు, బంజెయ్" అంటుంది. అంతే. బియ్యం కడుగుతూ, బట్టలు మడతపెడుతూ నా చిన్నతనమంతా పాడిన పాటల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆ రోజు ఆఫీసులో పని పక్కన పెట్టి పాట గురించి చదివాను. దాన్ని చేసిన సంగీతకారుడు ఎక్కడెక్కడివో పాత క్యాసెట్లు సంపాదించి, అందులోని ముక్కలు కోసి తన పాటల్లో కలుపుతాడట. ఈ ముక్క పాడింది ఎవరో, ఏ భాషో తనకు తెలియదని చెప్పాడు. పాట అప్పటికే రెండు మూడు దేశాల జాబితాల్లో పైకి వచ్చింది. ఆ తర్వాతి వారాల్లో ఒక్కో దేశంలో మొదటి స్థానానికి ఎక్కుతూ పోయింది. మంచు టోపీలు పెట్టుకున్న పిల్లలు, సముద్రపు ఒడ్డున ముసలి జంటలు, పెళ్ళి బట్టల్లో కొత్త దంపతులు, అందరూ ఆ ఒక్క చోట ఆగి, గుండ్రంగా తిరిగి "బొంగరామా" అని అరిచేవాళ్ళు.

ఇక ఆ గొంతు నన్ను వదల్లేదు. క్యాబ్‌లో, ఫుడ్ కోర్టులో, జిమ్ అద్దాల వెనక, బేకరీలో కేకు ప్యాక్ చేస్తుంటే, ఎక్కడైనా సరే అదే. ఒక సోమవారం వీడియో మీటింగ్ మొదలవకముందు, అవతలి దేశంలో ఉన్న మా క్లయింట్ నవ్వుతూ ఆ పాట పెట్టాడు. పక్కన కూర్చున్న మా టీమ్ లీడ్, కడప వైపు ఆయన, నా వైపు వంగి, "ఇది మన తెలుగు మాదిరి ఉండాదే!" అన్నాడు. నేను మంచినీళ్ళు తాగే నెపంతో లేచి వెళ్ళిపోయాను.

ఎవరికీ చెప్పలేదు. అమ్మకు అసలే చెప్పలేదు. పోయిన తన గొంతు తనకే వినబడితే ఆమె తట్టుకోలేదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. నేను దాన్ని దాచుకున్నాను. రోజూ మెట్రోలో చెవుల్లో పెట్టుకుని ఆ నాలుగు సెకన్లే మళ్ళీ మళ్ళీ వినేదాన్ని. ఇంటికొచ్చాక కూడా చెవుల్లో అదే. వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్ళ చప్పుడులో వినిపించేది. ఉలిక్కిపడి చూస్తే అమ్మ గట్టు దగ్గర నిశ్శబ్దంగా నిలబడి ఉండేది. ఆమె మెసేజ్ పంపితే వెంటనే చూడబుద్ధయ్యేది కాదు. ఎదురుగా ఉన్న మనిషి కంటే ఆ పాటలోని మనిషే నాకు అమ్మలా అనిపించసాగింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చేయి వెనకాడుతోంది.

ఒక ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పిల్లలు వినాయక చవితి డాన్సులు ప్రాక్టీసు చేస్తున్నారు. అమ్మ బాల్కనీలో గోంగూర తుంచుతోంది. కింద స్పీకర్లో ఆ దరువు మొదలైంది. నేను గదిలోంచి పరుగెత్తుకెళ్ళి బాల్కనీ తలుపు మూయబోయాను. అప్పటికే ఆలస్యమైంది. "తిరుగవే తిరుగవే బొంగరమా" అని గొంతు లేచింది. అమ్మ ఒళ్ళోని పళ్ళెం జారి గోంగూరంతా కింద పడింది. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పాట అయ్యేదాకా వదల్లేదు.

"అమ్మా, నువ్వే కదా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. తడి చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ తీసింది. పక్కనే ఉన్న నా ఫోన్ మోగింది.

"నేను గాదు. నా దోస్తు."

ఆ పొద్దంతా మేము గోంగూర మధ్యే కూర్చున్నాం. అమ్మ టైప్ చేస్తూ ఉంది, నేను చదువుతూ ఉన్నాను. మణికొండ బండరాళ్ళ మధ్య చిన్న ఊరుగా ఉన్న రోజుల్లో అమ్మా, ఆ దోస్తూ ఒకే గల్లీలో పెరిగారు. ఇంటర్ చదివేటప్పుడు, డిస్కో పాటల మోజు ఊళ్ళకు పాకిన కాలంలో, సిటీలో ఎవరో తెలుగు డిస్కో క్యాసెట్ తీస్తున్నారని, కోరస్‌కు ఇద్దరు అమ్మాయిలు కావాలని వాళ్ళ సంగీతం టీచర్ చెప్పింది. ఇద్దరూ బస్సెక్కి వెళ్ళి పాడి వచ్చారు. ఇద్దరికీ కలిపి ఒకే మైకు.

"అది మైకు దగ్గర. నేను ఎనక. పైకి ఇనవడేది దాని గొంతే. నాది కిందికెళ్ళి ఉంటది."

ఆ క్యాసెట్‌ను ఎవరూ కొనలేదు. మరుసటి ఏడాది ఆ అమ్మాయికి మెదడువాపు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది.

"మరి అచ్చం నీ గొంతులా ఎందుకుంది?" అని అడిగాను.

అమ్మ చాలాసేపు టైప్ చేసింది, చెరిపింది, మళ్ళీ చేసింది.

"అది పోయినంక దాని గొంతు మర్చిపోతనేమో అని భయమయ్యేది. గందుకే దాని లెక్క పాడుడు మొదలువెట్టిన. రోజు పాడంగ పాడంగ గదే నాదయింది."

ఆ ఏడాది బతుకమ్మ ఆడుతూ అమ్మ పాట ఎత్తుకుంది. వీధి చివరి ఇంట్లోంచి దోస్తు తల్లి చెప్పులు కూడా లేకుండా, బిడ్డ పేరు పిలుస్తూ పరుగెత్తుకొచ్చిందట. ఆడుతున్న వాళ్ళను తోసుకుని లోపలికి వచ్చి, పాడుతున్నది ఎవరో చూసి, అక్కడే నేల మీద కూలబడింది. మర్నాడు అమ్మను పిలిపించి ఒకే మాట అంది.

"గిట్ల పాడకు బిడ్డా. లేకుంటే ఈ దిక్కు రాకు."

అమ్మ పాడటం మానలేదు. ఆ ఇంటి వైపు వెళ్ళడం మానేసింది. పెళ్ళయి వచ్చేసాక మళ్ళీ ఆ గల్లీ తొక్కలేదు.

ఫోన్ పక్కన పెట్టాను. నేను పుట్టకముందే పోయిన ఒక అమ్మాయి గొంతుతో నాకు జోల పాడారు. ఏడేళ్ళుగా నేను ఏడ్చింది ఆమె గొంతు కోసం. అమ్మ మాత్రం గోంగూర ఏరుతూ ఇంకో మెసేజ్ పంపింది.

"దానికి తమ్ముడు ఉన్నడు. ఇనిపియ్యాలె. తీస్కపోతవా?"

మణికొండలో వాళ్ళ పాత ఇంటి జాగాలో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. అందులోనే రెండో అంతస్తులో ఆ తమ్ముడు ఉంటున్నాడు. హార్డ్‌వేర్ దుకాణం ఆయనది. తలుపు తీసి అమ్మను చూడగానే గుర్తుపట్టి, "అక్కా, ఎన్నేండ్లయె! లోపలికి రా" అన్నాడు. అమ్మ మెడకున్న గుడ్డ చూసి ఆగిపోయాడు. నేను విషయం చెప్పాను. తర్వాత పాట సంగతి చెప్పాను.

"గీ పాటనా? దుకాణంల పొద్దస్తమానం ఇదే మోగుతది" అన్నాడు. ఆయన కూతురు లోపలి గదిలోంచి వచ్చింది. హైటెక్ సిటీలో ఉద్యోగం, ఆఫీసు ఫంక్షన్లో ఆ పాటకే డాన్స్ చేసిందట. మేనత్తను ఫొటోలో కూడా చూడలేదు. ఉన్న ఒక్క ఫొటోనూ, వాళ్ళ నానమ్మ పోయినప్పుడు ఆమెతోపాటే పంపించేశారు.

పాట పెట్టాను. "ఇందుల మా అక్క ఏదీ?" అన్నాడాయన. అమ్మ టీపాయ్ మీద వేలితో తాళం వేస్తూ, సరిగ్గా ఆ చోట వేలు పైకెత్తింది. ఆయన మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి లేచి వెళ్ళి ఫ్యాన్ ఆపి వచ్చి, స్విచ్ బోర్డు పక్కనే నిలబడి విన్నాడు.

"అక్క గొంతు నాకు యాదికే లేదక్కా. చిన్నోన్ని గద. అమ్మ అడుగుతుండె, అక్క గొంతు యాదికున్నదారా అని. ఉన్నదని అబద్ధం చెప్పెటోన్ని" అన్నాడు. నా ఫోన్ వైపు చూసి, "గీ ముక్కేనా? ముందు ఎనక ఏం లేదా?" అని అడిగాడు.

అమ్మ పల్లవి మొత్తం టైప్ చేసి ఆ అమ్మాయికి చూపింది. తిరుగవే తిరుగవే బొంగరమా, తాడు విడిచినా ఆగకే అని మొదలవుతుంది. వరుస తెలియక ఆ అమ్మాయి తడబడింది. అమ్మ చేత్తో గాలిలో పైకీ కిందికీ గీసి చూపించింది. నాలుగైదు సార్లకు పాట కుదిరింది. సన్నని గొంతు, సినిమా పాటల పోటీల్లో పాడే పిల్లలకుండే శుభ్రమైన గొంతు. వాళ్ళ నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పాట అవగానే అమ్మ లేచి బాల్కనీలోకి వెళ్ళింది.

నేను భయపడుతూ వెనకాలే వెళ్ళాను. కింద ట్రాఫిక్ వైపు చూస్తూ ఉంది. ఫోన్ నా చేతికే ఇచ్చింది.

"దాని లెక్క లేదు. గదే మంచిగున్నది."

ఆ తర్వాత కొన్ని వారాలకు పాట జాబితాల్లోంచి దిగిపోయింది. ఫుడ్ కోర్టులో ఇంకేదో మోగుతోంది. ఆ తమ్ముడు అప్పుడప్పుడూ ఆదివారాలు కుటుంబంతో మా ఇంటికి వస్తున్నాడు. నేను మాత్రం ఆ నాలుగు సెకన్లు ఇంకా వింటున్నాను, ఇప్పుడు పై గొంతు కోసం కాదు. ఎవరినీ అనుకరించక ముందు మా అమ్మ గొంతు ఎలా ఉండేదో, అది ఆ కిందే ఎక్కడో ఉండాలి. ఒకసారి ఆఫీసులో ఖాళీ గది చూసుకుని కళ్ళు మూసుకుని విన్నాను. "బొంగరమా" అన్న చోట కాస్త బొంగురుగా, అర క్షణం ఆలస్యంగా, ఇంకొకరు ఉన్నట్టనిపించింది. మళ్ళీ పెడితే దరువు తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లోనూ నేను అదే చెవుల్లో పెట్టుకుని వింటుంటే చూసి అమ్మ మెసేజ్ పంపింది. "నాది ఇనవడ్డదా?"

"వినబడిందమ్మా" అన్నాను.