దారం పట్టి కట్టిన గట్టు

మా గురప్ప తాత ముప్పై ఏళ్లు బెంగళూరులో గోడలు కట్టాడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో తన చెయ్యి పడని వీధి లేదంటాడు. నమ్మక తప్పదు. కాదంటే ఆ వీధులన్నీ నడిపించి చూపిస్తాడు. మోకాళ్లు అరిగాక పని మానేసి, బెంగళూరు చివర జిగణి అవతల వాలు మీదున్న తన అరెకరంలో రాగి వేసుకుందామని వచ్చాడు. వానొచ్చిన ప్రతిసారీ పైమన్ను కొట్టుకుపోయి కింద ఫ్యాక్టరీల రోడ్డు మీద పడేది. చేనులో గులకరాళ్లు తేలాయి. ఇంకో రెండు వానలైతే నాటడానికి మన్నే మిగలదు.

అందుకని వేసవిలో వాలుకు అడ్డంగా గట్టు కట్టాడు. గూటాలు కొట్టి, దారం లాగి, ఈ కొస నుంచి ఆ కొసకు గోడంత సూటిగా కట్టాడు.

"భలే కడితివి గురప్పన్నా!" అన్నాడు పక్కచేను మునీంద్ర. ఆ వారమంతా తాత మీసం కూడా సూటిగానే నిలబడింది.

మొదటి పెద్ద వానకే గట్టు నడుమ తెగింది. చేను నడిమిభాగం పల్లం. నీళ్లన్నీ అక్కడికే చేరి తోసేశాయి.

తాత భార్య పాపక్క అవ్వ కొంగు దోపుకుని వచ్చి గండి చూసింది.

"ఏం మేస్త్రీ, గోడ బాగా కడితివే. పైన కప్పు ఎప్పుడేస్తావు?"

"ఊరికుండు మే. దారం సూటిగానే ఉండాది."

"దారం ఉండాది. నేల ఉండాదా?"

తాత గండిలోకి దిగి పల్లం చూశాడు. చేలో గట్టు సూటిగా కాదు, మట్టంగా పోవాలి. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుకుంటూ ఎన్ని వంకర్లైనా తిరగాలి. చిన్నప్పుడు తండ్రి వెంట కట్టిన గట్లన్నీ అట్లాంటివే. ముప్పై ఏళ్ల గోడపని ఆ సంగతి మరిపించింది.

మళ్లీ కట్టే ఓపిక లేదు. అయినా మర్నాడు మట్టం చూసే నీళ్ల పైపు బయటికి తీశాడు. ఒక కొస తాత చేతిలో, ఒక కొస అవ్వ చేతిలో. రెండు కొసల్లో నీళ్లు సమంగా నిలిచిన చోటల్లా ఒక గూటం.

"ఇంగా పైకి పో. చాలు చాలు, కిందికి రా!"

"ఏదో ఒకటి చెప్పయ్యా. నాకుండేవి రెండే కాళ్లు."

గూటాల వరస పాము పాకినట్టు వచ్చింది. దాన్ని చూడడమే తాతకు కష్టమైంది. ఒక గూటాన్ని కాలితో సూటి వరసలోకి నెట్టబోతే అవ్వ గుర్రుమంది.

పదకొండు రోజులు పట్టింది. మన్ను పోసి తొక్కారు, గట్టు మీద గరిక నాటారు, మిగులు నీళ్లు దిగడానికి ఒక కొసన రాళ్లు పరిచారు. మొదట్లో పది గంపలకొకసారి కూర్చున్న తాత, చివరికి రెండు గంపలకే కూర్చున్నాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం వాన దంచింది. నీళ్లు గట్టు పొడుగునా నిలిచి, నిండాక రాళ్ల మీదుగా మెల్లగా దిగాయి. ఎర్రమన్ను గట్టు వెనకే పేరుకుంది.

"నిలిచిందయ్యా," అంది అవ్వ.

"పోయిన మన్ను రాదు కదా. పై సగం రాళ్లే, ఈ ఏడు కింది సగమే నాటుదాం."

"రేప్పొద్దున మొదలుపెడదామా?"

"ఎల్లుండి," అంటూ తాత ఆ తడి మట్టిలోనే కూలబడ్డాడు.